మేటా... కోతా

ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని బడిలో చదువుకున్నాం. పోటీ పరీక్షలకు బట్టీ పట్టిన వాళ్లకు గుజరాత్ తర్వాత మనదే రెండో స్థానమనీ గుర్తుంటుంది. కేంద్రం ఈమధ్య దేశ తీరరేఖను మళ్లీ కొలిచింది. పాతకాలపు ముతక పటాల బదులు సన్నని స్కేలుతో, ప్రతి వంపునూ, ప్రతి మొగనూ చుట్టి కొలిస్తే మన తీరం 1,053 కిలోమీటర్లు తేలింది. తమిళనాడు 1,068తో మనల్ని దాటి రెండో స్థానానికి వెళ్లింది.

కాగితం మీద 79 కిలోమీటర్లు పెరిగాం. నేల మీద లెక్క మాత్రం వేరు. కాకినాడ పక్కన ఉప్పాడలో ఏటా ఇళ్లు కూలుతున్నాయి. గోదావరి, కృష్ణల మొగల దగ్గర ఒకప్పుడు మడ చెట్లున్న చోట ఇప్పుడు అలలున్నాయి. ఇదే సమయంలో రాష్ట్రం తన భవిష్యత్తునంతా తీరం మీదే పెట్టుకుంది. కొత్త రేవులు, ఫిషింగ్ హార్బర్లు, తీరం వెంట జాతీయ రహదారి, విశాఖకు సముద్రం కింద నుంచి వచ్చే డేటా కేబుళ్లు, లక్షల ఎకరాల రొయ్యల చెరువులు, అన్నీ అక్కడే. మరి ఆ తీరం దేనితో తయారైంది, దాన్ని నిలబెట్టేది ఏది అన్నది అభివృద్ధి ప్రణాళికల్లో ఎక్కడా కనబడదు. ఇసుకకూ ఒండ్రుకూ బడ్జెట్‌లో పద్దు లేదు. ఈ కథనం ఆ పద్దు గురించే.

ఒకే తీరం, మూడు నేలలు

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరం వెంట వెళితే మూడు రకాల నేల ఎదురవుతుంది. ఉత్తరాన తూర్పు కనుమలు సముద్రానికి బాగా దగ్గరగా వస్తాయి. విశాఖలో డాల్ఫిన్ నోస్ కొండయితే నేరుగా నీళ్లలోకే దిగింది. అక్కడ నేల గట్టిది, లోతు దగ్గర్లోనే దొరుకుతుంది. ఉక్కు కర్మాగారం, తూర్పు నౌకాదళం, ఓడల నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం ఒకే ఊళ్లో చేరడానికి మొదటి కారణం ఆ కొండే. 1960ల్లో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి కనుమలను తొలిచి కొత్తవలస-కిరండోల్ రైలు మార్గం వేశారు. దాంతో విశాఖకు దండకారణ్యమంతా వెనుక పెరడు అయింది.

దక్షిణాన నెల్లూరు, తిరుపతి జిల్లాల తీరం ఇసుక నేల. పెన్న, స్వర్ణముఖి తప్ప పెద్ద నదుల్లేవు. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య శ్రీహరికోట ఒక ఇసుక గోడలా నిలబడింది. జనం పలచగా ఉండటం, తూర్పున అంతా సముద్రమే కావడం, భూమధ్యరేఖకు కాస్త దగ్గరగా ఉండటం వల్ల రాకెట్లకు ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 నుంచి అక్కడ ప్రయోగాలు జరుగుతున్నాయి.

ఈ రెండింటి నడుమ ఉన్నదే అసలు ఆంధ్ర తీరం. కాకినాడ నుంచి బాపట్ల దాకా పరుచుకున్న ఆ పల్లపు నేలను గోదావరి, కృష్ణలే కట్టాయి. సుమారు ఆరు వేల ఏళ్ల కిందట కొల్లేరు సముద్రపు ఒడ్డున ఉన్న ఉప్పునీటి కయ్య అని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఇప్పుడు అక్కడి నుంచి సముద్రానికి ముప్ఫై కిలోమీటర్లకు పైనే. ఆ మధ్యనున్న భీమవరం, కైకలూరు, ఆకివీడు, మొగల్తూరు నేలంతా సహ్యాద్రి నుంచి, దక్కను నుంచి కొట్టుకొచ్చిన నల్లమట్టే. నాసిక్ దగ్గర రాలిన మట్టి మీద కోనసీమ కొబ్బరి నిలబడింది. మహాబలేశ్వరం వాన తెచ్చిన మట్టి మీద దివిసీమ వరి పండింది.

గీతలు గీసిన శతాబ్దం

ఆ మట్టి ఉన్నంత మాత్రాన డబ్బు పుట్టలేదు. 1833 నాటి డొక్కల కరువులో గుంటూరు సీమ సగం ఖాళీ అయింది. నది పక్కనే ఉన్నా జనం ఆకలితో పోయారు. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా కట్టిన ఆనకట్ట అది. 1855కి విజయవాడ దగ్గర కృష్ణ మీద రెండోది వచ్చింది. ఆ రెండు కట్టడాలకూ ఒక గుణం ఉంది. అవి ఎత్తయినవి కావు. వేసవిలో నీటిమట్టాన్ని కాలువలకు అందేంత లేపి, వరద వచ్చినప్పుడు నీటినీ ఒండ్రునూ పైనుంచి సాగనంపేవి. పొలానికి నీరందింది, సముద్రానికి మట్టీ అందింది.

కాటన్ కాలువలు పడవలకు కూడా. ధాన్యం, బెల్లం, పొగాకు, కలప కాలువల మీదే కదిలేవి. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ పట్టుకుని కాకినాడలో ఎక్కిన సరుకు మద్రాసులో దిగేది. 1890ల్లో రైలు వచ్చింది. 1899కి విజయవాడ మద్రాసుతో కలిసింది, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన తెరిచారు. ఆ తర్వాత రోడ్డు, అదే ఇప్పటి పదహారో నంబరు జాతీయ రహదారి. ఒకదాని పక్కన ఒకటిగా ఈ మూడు గీతలూ ఇంచుమించు ఒకే దారిన, సముద్రానికి కాస్త ఎడంగా సాగాయి. శ్రీకాకుళం, విజయనగరం, తుని, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు. మన పెద్ద పట్టణాలు చాలావరకు ఆ గీత మీదే పెరిగాయి, ఒడ్డున కాదు. ఒడ్డున పెరిగిన విశాఖ, కాకినాడలకు ఒకదానికి కొండ అండ, ఇంకోదానికి ఇసుక దీవి అండ.

మచిలీపట్నానికి, అంటే బందరుకు, ఆ అండ దొరకలేదు. డచ్చి వాళ్లు, 1611లో ఇంగ్లిషు వాళ్లు వచ్చి దిగిన రేవు అది. కలంకారీ అద్దకాలు అక్కడి నుంచి పర్షియాకూ ఐరోపాకూ వెళ్లాయి. కానీ ఒండ్రు మేట వేసే తీరం కావడంతో ఓడలు కిలోమీటర్ల దూరంలో ఆగేవి, సరుకు చిన్న పడవల్లో మోయాల్సి వచ్చేది. 1864 నవంబరు ఒకటి రాత్రి ఉప్పెన ఆ ఊరి మీద పడింది. ముప్ఫై వేల మంది పోయారన్నది ఆనాటి అంచనా. బందరు మళ్లీ ఆ వైభవాన్ని చూడలేదు.

మట్టి ఎక్కడ ఆగింది?

గోదావరి ఏటా ధవళేశ్వరం దాటించి తెచ్చే ఒండ్రును ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. 1970లలో అది ఏటా సుమారు 15 కోట్ల టన్నులు. 1990లకు వచ్చేసరికి 6 కోట్ల టన్నుల లోపు. రెండు దశాబ్దాల్లో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగిలింది. ఆ కాలంలో గోదావరి మీద వానలు తగ్గినందువల్ల జరిగింది కాదిది. మహారాష్ట్రలో జాయక్‌వాడి, తెలంగాణలో శ్రీరాంసాగర్, ఉపనదుల మీద పదుల సంఖ్యలో జలాశయాలు వచ్చాయి. నిలిచిన నీటిలో మట్టి అడుగున కూర్చుంటుంది. గేటు ఎత్తితే పైనున్న తేట నీరే కిందికి వస్తుంది.

కృష్ణ పరిస్థితి ఇంకా కష్టం. శ్రీశైలం కట్టినప్పుడు దాని నిల్వ 308 టీఎంసీలు. ఇప్పుడు 215. నాగార్జునసాగర్ 408 నుంచి 312కి పడిపోయింది. ఈ రెండు జలాశయాలూ కలిసి పోగొట్టుకున్న చోటు 190 టీఎంసీల దగ్గర. పోలవరం పూర్తి సామర్థ్యం 194 టీఎంసీలు. అంటే వేల కోట్లు పోసి మనం కట్టుకుంటున్నంత జలాశయం ఒకటి నల్లమల మధ్య ఒండ్రు కింద పూడిపోయింది. ఆ మట్టి శ్రీశైలానికి నష్టం చేసింది, ఇటు రాకపోయి దివిసీమకూ నష్టం చేసింది. రెండు చోట్లా నష్టపోయింది మనమే.

డెల్టా నేల స్వభావం తెలిస్తే ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది. మెత్తని ఒండ్రు నేల తన బరువుకు తానే ఏటా కొంచెం కుంగుతుంది. కొత్త మట్టి మేట వేస్తూ ఉన్నంత కాలం ఆ లోటు పూడుతుంది. మట్టి రాకపోతే నేల కుంగుతుంది, సముద్రం పెరుగుతుంది, రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. భూమిలోంచి నీరు, గ్యాసు తోడేకొద్దీ కుంగడం ఇంకా పెరుగుతుంది. ఉప్పునీరు డ్రెయిన్ల గుండా ఎదురెక్కి పొలాల్లోకి వస్తుంది. కోనసీమ, దివిసీమ చివరి భూముల రైతులను అడిగితే చౌడు ఎక్కడిదాకా వచ్చిందో ఏ సర్వే కన్నా కచ్చితంగా చూపిస్తారు.

ఆనకట్టలు వద్దనడం అన్యాయం. సాగర్ లేకపోతే నల్లగొండ, పల్నాడుల్లో తడి లేదు. శ్రీశైలం లేకపోతే రాయలసీమకు చుక్క లేదు. పోలవరం కుడి, ఎడమ కాలువల కోసం తరాలుగా ఎదురుచూస్తున్న వాళ్లున్నారు. కానీ మట్టిని కిందికి పంపే మార్గాలు ప్రపంచానికి తెలియనివి కావు. చైనా వాళ్లు పసుపు నది మీద శావ్‌లాంగ్‌ది జలాశయం నుంచి 2002 మొదలు వరదకు ముందు నీటిని ఒక్కసారిగా వదిలి, అడుగున చేరిన ఒండ్రును కదిపి సముద్రానికి తోస్తున్నారు. కుంచించుకుపోతున్న ఆ నది డెల్టా మళ్లీ కొంత కోలుకుంది. గోదావరికి డెల్టా ముందున్న ఆఖరి పెద్ద గుమ్మం పోలవరం. దాని గేట్లను ఎప్పుడు ఎంత ఎత్తాలన్న నియమావళి రాసేటప్పుడు విద్యుత్తు, సాగునీరు, తాగునీరు అన్న మూడు పద్దుల పక్కన ఒండ్రు అని నాలుగో పద్దు ఉండాలి. రాష్ట్రాలు నీటి వాటాల కోసం ట్రిబ్యునళ్లలో దశాబ్దాలు వాదించుకున్నాయి. మట్టి వాటా అడగాలన్న ఆలోచన ఇప్పటికైనా రావాలి.

ఇసుక నడిచే దారి

నది తెచ్చిన ఇసుక మొగ దగ్గరే ఉండిపోదు. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకుతూ ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం చూస్తే నడక ఉత్తరానికే. లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఏటా మన తీరం వెంట ఇలా నడుస్తుంది. దానికి అడ్డంగా సముద్రంలోకి ఏ గోడ కట్టినా దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. 1876లో మద్రాసు రేవు పని మొదలైన తర్వాత దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం కోతకు గురైంది. అంటే ఈ సంగతి మనకు తెలిసి నూరేళ్లు దాటింది.

ఉప్పాడ కథలో ఆ సూత్రమే పని చేస్తోంది. గోదావరి ఇసుకతో కాకినాడకు ఎదురుగా గత రెండు వందల ఏళ్లలో హోప్ ఐలాండ్ పెరిగింది. పదహారు కిలోమీటర్ల ఆ ఇసుక నాలుక కాకినాడ రేవును పెద్ద అలల నుంచి కాపాడుతోంది, దాని వెనుక కోరింగ మడ అడవి బతుకుతోంది. అయితే అదే నాలుక ఉత్తరానికి వెళ్లాల్సిన ఇసుకను ఆపింది, అలల దిశనూ మార్చింది. దానికి కాకినాడ రేవు గోడలు తోడయ్యాయి. ఉప్పాడకు చేరే ఇసుక తగ్గింది. జాందానీ చీరలు నేసే ఊరది, పక్కనే వేటకు వెళ్లే కుటుంబాలు. బీచ్ రోడ్డును ఏటా మళ్లీ వేస్తున్నారు, రాళ్లు పోస్తున్నారు, ఇసుక నింపిన జియోట్యూబులు పరిస్తే అవీ చిరిగిపోయాయి. రాళ్లగోడ కట్టినచోట కోత ఆగి, గోడ అయిపోయినచోట మొదలవుతుంది. రేవు వల్ల లాభపడే ఊరొకటి, ఇల్లు పోయే ఊరొకటి. ఈ రెండింటినీ ఒకే ఖాతాలో చూపే అలవాటు ఇంతవరకూ లేదు.

అలా చూపిన ఒక్క రేవు మన రాష్ట్రంలోనే ఉంది. విశాఖ రేవును 1933లో తెరిచారు. డాల్ఫిన్ నోస్ కింద కాలువ తవ్వితే ఇసుక వచ్చి పూడుస్తుందని ఆనాటి ఇంజినీర్లకు ముందే తెలుసు. రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్టగా నిలిపారు. ఇసుక ఒకచోట పోగయ్యేలా చేసి, దాన్ని డ్రెడ్జర్‌తో తోడి ఉత్తరం ఒడ్డుకు పంపే ఏర్పాటు చేశారు. రామకృష్ణా బీచ్ ఈనాటికీ చాలావరకు ఆ తోడి పోసిన ఇసుక మీద ఆధారపడి ఉంది. పంపడం తగ్గిన ఏడాది అక్కడ గోడలు కూలతాయి. తీరానికి చేసిన అడ్డుకు తీరానికే బాకీ తీర్చాలన్న ఆ పద్ధతి, మన ఇంజినీరింగ్ చరిత్రలో ధవళేశ్వరం తర్వాత నాకు అంత గొప్పగా కనిపించే పని.

ఉప్పు పంట

డెల్టా ఆర్థికం ఇప్పుడు వరి మీద కాదు, నీటి మీద నిలబడింది. కొల్లేరు చుట్టూ చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి మంచు పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతాకూ అస్సాంకూ వెళతాయి. రొయ్యది ఇంకా పెద్ద లెక్క. 1990ల మొదట్లో టైగర్ రొయ్యతో నెల్లూరు, భీమవరం ఎగిశాయి. తెల్లమచ్చ రోగం ఒక్క దెబ్బతో కూల్చింది. 2009లో వనామీ అనే రకం రొయ్యకు అనుమతి ఇచ్చాక పరిశ్రమ మళ్లీ లేచింది. 2023-24లో దేశం 60 వేల కోట్ల రూపాయల పైచిలుకు సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేస్తే అందులో పెద్ద వాటా గడ్డకట్టించిన రొయ్యది. దేశంలో పెంచే రొయ్యల్లో సగానికి పైగా ఆంధ్రవే. తల్లి రొయ్యలు హవాయి లాంటి చోట్ల నుంచి విమానంలో వస్తాయి, హేచరీల్లో సీడ్ అవుతాయి, చెరువులో మూడు నాలుగు నెలలు పెరుగుతాయి, మళ్లీ అమెరికా బల్లల మీదికే చేరతాయి. అందుకే 2025 ఆగస్టు చివర అమెరికా సుంకం యాభై శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ ముందుగా పడింది పశ్చిమ గోదావరి చెరువు గట్ల మీదే. కౌంట్ ధరలు పడ్డాయి, ఏరేటర్ల కరెంటు బిల్లు మాత్రం తగ్గలేదు. మేత అప్పు కూడా.

రొయ్య డబ్బు తెచ్చింది, పిల్లల్ని చదివించింది, దాన్ని కాదనలేం. కానీ ఒక చెరువు తవ్వితే పక్క వరి చేనుకు ఉప్పు ఊరుతుంది, కొన్నాళ్లకు ఆ రైతూ చెరువు తవ్వక తప్పదు. కాలువల జిల్లాలో తాగునీటిని డబ్బాల్లో కొనుక్కునే ఊళ్లు వచ్చాయి. కొల్లేరును సముద్రంతో కలిపే ఒకే దారి ఉప్పుటేరు. అది పూడి, ఇరుకై, గట్లు ఆక్రమణలై ఉంటే పైన బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదకు పోయే చోటుండదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లోనే బుడమేరు విజయవాడలో సగాన్ని ముంచింది. వరద దారిని కాపాడటం కూడా రోడ్డు, రేవు వేసినంత పెద్ద నిర్మాణపు పనే అనుకోవాలి.

తుపాన్ల విషయంలో మాత్రం మనం నేర్చుకున్నాం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు పోయిన ప్రాణాలు పదివేలకు తగ్గవు. సొర్లగొంది లాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. నగరం మోడైంది, మరణాలు పదుల్లోనే ఆగాయి. తుపాను షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలు, సమయానికి జనాన్ని తరలించడం ఆ మార్పు తెచ్చాయి. ప్రాణాలు కాపాడుకోగలం అని తేలింది. నేలను కాపాడుకునే పని ఇంకా మొదలుకావాలి.

వేటకు వెయ్యి మైళ్లు

శ్రీకాకుళం తీరంలో మత్స్యకారులు దండిగా ఉన్నారు, చేపా ఉంది. పెద్ద మరపడవ ఆగడానికి జెట్టీ లేదు. అందుకే ఏళ్లుగా అక్కడి యువకులు రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి, అక్కడి బోట్ల మీద కూలికి వేటాడుతున్నారు. 2018 చివర్లో అలా వెళ్లిన వాళ్లలో కొందరు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లారని పట్టుబడి కరాచీ జైల్లో మగ్గారు, 2020 జనవరిలో వాఘా గుండా తిరిగొచ్చారు. దేశంలోనే మూడో పొడవైన తీరం ఉన్న రాష్ట్రపు మత్స్యకారుడు పొట్ట కోసం అరేబియా సముద్రానికి పోవడం మనందరికీ పట్టాల్సిన విషయం. జువ్వలదిన్నె, నిజాంపట్నం, ఉప్పాడల్లో కొత్త ఫిషింగ్ హార్బర్లు చేపట్టడం ఆ దిశలో సరైన అడుగు.

పెద్ద రేవులూ వస్తున్నాయి. 2022లో రామాయపట్నం, 2023లో మచిలీపట్నం, మూలపేట రేవుల పనులు మొదలయ్యాయి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ సరుకు ఇటు మళ్లితే లాభమే. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా కోనసీమ, బందరు, బాపట్లల మీదుగా వెళ్లే 216 నంబరు రహదారి ఈ రేవులకు వెనుక దన్ను. ఈ రేవులన్నిటికీ అలలను ఆపే గోడలుంటాయి, అన్నీ ఇసుక నడకకు అడ్డంగానే. కాబట్టి ప్రతి రేవు ఒప్పందంలోనూ మూడు షరతులు ఉండాలి. దక్షిణాన పేరుకున్న ఇసుకను ఏటా ఇంత అని కొలిచి ఉత్తరం ఒడ్డుకు చేర్చాలి. దాని ఖర్చు ప్రజల సొమ్ములోంచి కాకుండా రేవు ఆదాయంలోంచి రావాలి. ఉత్తరాన పది పదిహేను కిలోమీటర్ల మేర తీరాన్ని ఏటా కొలిచి, ఆ లెక్కను ఆ ఊళ్ల పంచాయతీ గోడ మీద అతికించాలి. మూలపేటకు ఉత్తరాన వజ్రపుకొత్తూరు, బారువ, ఉద్దానం కొబ్బరితోటలు ఉన్నాయి. 2018లో తిత్లీ తుపానుకు నేలకొరిగిన ఆ తోటల్లో మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడు కాపుకొస్తున్నాయి. ఆ ఊళ్ల మత్స్యకారులకు వల ఆరేసుకునే ఇసుక ఇంకా ఉంది. రేవు గోడ పూర్తయ్యేలోపే వాళ్ల ఒడ్డు వెడల్పు ఎంతో కొలిచి రాసిపెట్టడం ప్రభుత్వం ఈ ఏడాదే చేయగలిగిన పని.